పాతవారి బాకీ, కొత్తవారి చీకటి

ఇల్లు కొనేవారు ముందుగా ఈ.సీ. తీయించి, తాకట్టు లేదని తేలితే నిశ్చింతగా ఉంటారు. పాత యజమాని ఎగవేసిన కరెంటు బిల్లు మాత్రం ఆ పత్రానికి ఎక్కదు. కొత్త కనెక్షనుకు దరఖాస్తు పెట్టిననాడు అది బయటపడుతుంది.

ఈ బాకీ ఎవరు తీర్చాలన్నది చాలాకాలం నలిగిన వివాదం. 1995లో ఈషా మార్బుల్స్ కేసులో సుప్రీంకోర్టు కొనుగోలుదారు పక్షాన నిలిచింది. అప్పటి చట్టంలో అతణ్ణి బాధ్యుణ్ణి చేసే నిబంధన లేకపోవడమే అందుకు కారణం. తరువాత రాష్ట్రాలు ఆ లోటు పూరించుకున్నాయి. మన ప్రాంతపు సరఫరా నిబంధనల 8.4 క్లాజు ప్రకారం, అమ్మేవారు బాకీ తీర్చకపోతే ఆ ఆవరణకు సరఫరా నిరాకరించవచ్చు. బ్యాంకు వేలంలో ఆస్తి కొన్న శ్రీగ్ధా బెవరేజెస్ సంస్థ హైకోర్టులో నెగ్గినా, ఈ క్లాజు ఆధారంగానే 2020 జూన్‌లో సుప్రీంకోర్టులో ఓడింది.

2023 మే 19న, కె.సి. నినాన్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం విషయాన్ని ఖాయం చేసింది. చట్టం స్పష్టంగా చెబితే తప్ప బాకీ ఆస్తిపై భారం కాదు; కాని బాకీ తీర్చనిదే సరఫరా ఇవ్వబోమన్న నిబంధన చెల్లుతుంది. ఈ భేదం న్యాయవాదులకు గొప్పదే. చీకటింట్లో కూర్చున్నవాడికి అంతగా బోధపడదు. దరఖాస్తు తేదీ నుంచి పేరుకున్న వడ్డీని ఆ కేసులవరకు మాఫీ చేయించడం ఒక్కటే అతనికి దక్కిన ఊరట.

నా అభ్యంతరం వేరు. 2003 నాటి విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం, బిల్లు కట్టనివారికి 15 రోజుల నోటీసిచ్చి కనెక్షను కోయవచ్చు. ఆ అధికారం చేతిలో ఉండగా బాకీ లక్షలకు పెరిగిందంటే ఉపేక్ష ఎవరిది? దాని ఫలితం సంబంధంలేని మూడోవాడు అనుభవించాలా? పార్లమెంటు ఈ ప్రశ్నకు తాను జవాబు చెప్పక, సరఫరా కోడ్‌ను రాష్ట్ర కమిషన్లకు వదిలింది. ఆ నిబంధనలను శాసనసభ ముందుంచాలన్న నియమమైతే ఉంది. సభ ముందుంచిన కాగితాలను విప్పి చదివే సభ్యులెందరో ప్రెస్ గ్యాలరీలో కూర్చునే నాబోటివారికి తెలుసు.

మామూలు అమ్మకంలో దారి ఉంది. అమ్మకం తేదీదాకా పబ్లిక్ బకాయిలు అమ్మేవారివేనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. సర్వీసు నెంబరు పట్టుకెళ్ళి బాకీ లేదన్న లేఖ తీసుకోవాలి. అది చేతికందేదాకా కొంత సొమ్ము అట్టేపెట్టుకుంటామని అగ్రిమెంటులో రాసుకోవాలి.

వేలంలో ఈ వెసులుబాటు లేదు. బ్యాంకు తనకు తెలిసిన భారాలనే ప్రకటనలో చూపాలి. తెలియదంటే సరి! ప్రకటనకు ముందు విద్యుత్ సంస్థను లిఖితపూర్వకంగా విచారించడం బ్యాంకు విధి అని 2002 నాటి నియమాలకు ఒక్క వాక్యం చేర్చడం కేంద్రం చేతిలో పని.