లోపించిన నకారం

బషీరాబాదులో కూర్చుని కంప్యూటరు గొడవలు వ్రాయడమేమిటని పాఠకులు నవ్వవచ్చు. కందిచేలూ, నాపరాళ్ల లారీలూ, ఒక్క వాక్యంలోనే తెలుగూ కన్నడమూ ఉర్దూ దొర్లిపోయే బేరాలూ - ఇవీ మా వూరి సంగతులు. అయితే దొంగలు పడ్డ యింటివాడికే గదా తాళాల మీద శ్రద్ధ! మా యింట్లో పోయింది నగా నట్రా కాదు, ఒక పాట.

సెలవులు వస్తే చాలు, చుట్టుపక్కల పల్లెలు తిరిగి ముసలివాళ్ల చేత పాటలు పాడించి రికార్డు చేసుకోవడం నాకొక పిచ్చి. మా యింటావిడ దీనికి ఇంకో పేరు పెట్టింది గాని అది ఇక్కడ వ్రాయను. పాటతో పాటు పాడినవాళ్ల కష్టసుఖాలు కూడా వచ్చి పడేవి. కోడళ్ల మీద ఫిర్యాదులు, అన్నదమ్ముల పొలం తగాదాలు, ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు పెట్టించుకున్న మాటలు. అంచేత వీటికి నకలు తీస్తే తాళం వేసిన నకలే తీయాలి.

మా మేనల్లుడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగి. పాతసామాను కింద అమ్ముతూంటే చవగ్గా ఒక టేపు యంత్రం కొని తెచ్చాడు. ఎల్‌టీఓ అయిదో తరం అట, 2010లో వచ్చింది. అరచేతిలో పట్టే డబ్బాలో 846 మీటర్ల టేపు, అందులో ఒకటిన్నర టెరాబైట్ల సరుకు. "ఈ రోజుల్లో టేపేమిట్రా?" అంటే, "గూగుల్ అంతటోడే 2011ల కొంతమంది జీమెయిల్ ఉత్తరాలు పోతే టేపులకెల్లే తిరిగి తెచ్చిండు మామా" అన్నాడు. నిజమే. అలమరులో పెడితే కరెంటు అడగదు, వైరస్సు ఎక్కదు.

వాడు వ్రాసిన స్క్రిప్టు మూడు పనులు చేస్తుంది. టార్ అనే ప్రోగ్రాము దస్త్రాలన్నీ మూట కడుతుంది. ఆ పేరే టేపు పెట్టె అనే అర్థంలో పుట్టింది. జీపీజీ ఆ మూటకు తాళం వేస్తుంది. డీడీ దాన్ని టేపు మీద వ్రాస్తుంది. మొదట పాటల మూట, తరవాత ఫొటోలది, చివరికి కాలేజీ కాగితాలది. పదిహేను రోజులకొక ఆదివారం వాడు వచ్చి రహస్యపదం కొట్టేవాడు. చివర తెరమీద "సక్సెస్" అని పడేది. ఇద్దరం టీ తాగేవాళ్లం.

ఆ మాట నమ్మి నేనో ఘనకార్యం చేశాను. డిస్కు నిండిపోయిందని, టేపు మీద వుందిగదా అని, అన్నిటికన్నా పాత పాటల ఫోల్డరును నా చేతులతోనే తుడిచేశాను. ఒక ముసలమ్మ ముప్ఫైమూడు నిమిషాలు పాడిన ఇసుర్రాయి పాట అందులో వుంది. ఆమె అప్పటికే పోయింది.

కొంతకాలానికి ఆమె మనుమరాలు వచ్చింది. పెళ్లి కుదిరిందట. "నాయనమ్మ గొంతు ఒక్కసారి వినాలనుంది సార్" అంది. దానికేం భాగ్యమని మేనల్లుణ్ణి పిలిపించాను. టేపు తిప్పాం. తాళం తీశాం. హాజరుపట్టీలు వచ్చాయి! మా కాలేజీ హాజరుపట్టీలు, ఇంటర్నల్ మార్కుల జాబితాలు, ఒక్క అక్షరం పోకుండా భద్రంగా వున్నాయి. పాట లేదు. వంతులవారీగా వాడే మూడు టేపులూ తిప్పి చూశాం. మూడింట్లోనూ హాజరుపట్టీలే.

వాడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. యంత్రం మూతికి దుమ్ము పట్టిందేమోనని శుభ్రం చేసే టేపు వేశాడు. రహస్యపదం తప్పేమో అన్నాను నేను. అది తప్పయితే హాజరుపట్టీలు మాత్రం ఎట్లా వచ్చాయి? చివరికి, టేపును ఒక మూట ముందుకు జరపమని ఆజ్ఞ ఇస్తే "సరుకు ఇంతే" అని జవాబిచ్చింది. మూడు మూటలు వ్రాస్తే ఒకటే వుందంటే, ఒకదాని మీద ఒకటి వ్రాసిందన్న మాట.

అప్పుడు దొరికింది. లినక్స్‌లో టేపు యంత్రానికి రెండు పేర్లున్నాయి. ఎస్‌టీ-సున్న అని పిలిస్తే పని కాగానే టేపును మొదటికి తిప్పి పెడుతుంది. ఎన్‌ఎస్‌టీ-సున్న అంటే ఆగినచోటే ఆగుతుంది. మావాడు మొదటి పేరు వ్రాశాడు. పాటల మూట వ్రాసి టేపు వెనక్కు తిరిగింది; దానిమీద ఫొటోలు; మళ్లీ వెనక్కు; వాటిమీద హాజరుపట్టీలు. సుప్రభాతం కేసెట్టు మీద క్రికెట్ వ్యాఖ్యానం రికార్డు చేసి నాన్నచేత తిట్లు తిన్న తరం మాది, మాకిది కొత్త కాదు. మా వ్యాకరణంలో నకారానికి ద్రుతమని పేరు. ద్రుతం లోపిస్తే ఏమవుతుందో ఇరవైయేళ్లుగా పిల్లలకు చెబుతున్నాను గాని, ముప్ఫైమూడు నిమిషాలు పోతాయని తెలియదు.

హాజరుపట్టీలు చిన్న మూట, పాటలది పెద్దది, మిగిలిన తోక టేపు మీదే వుండాలిగదా అని అడిగాను. ఉండవచ్చు. కాని ఎక్కడ వ్రాత ఆగిందో అక్కడ యంత్రం హద్దురాయి పాతుతుంది. మామూలుగా అది దాటి చదవదు. చదివినా, తల తెగిన మూటకు తాళం తీసేదెవరు?

నకారం చేర్చాక, వాడు రానవసరం లేకుండా పని అర్ధరాత్రి దానంతటదే జరిగేటట్లు పెట్టాడు. తెల్లవారి మళ్లీ "సక్సెస్"! ఈసారి నేను నమ్మలేదు. టేపు మీద ఏమీ లేదు. రాత్రి జీపీజీ రహస్యపదం అడిగింది, చెప్పే నాథుడు లేడు, పని మానేసింది. డీడీకి వచ్చింది సున్న, వ్రాసింది సున్న, "నా పని అయింది" అంది. స్క్రిప్టు వరసలో చివరివాణ్ణే అడుగుతుంది. ఇటుకలందించే వరసలో మొదటివాడు నిద్రపోతే చివరివాడు "నాకిచ్చినవన్నీ పేర్చాను సారూ" అన్నట్లు. పైప్‌ఫెయిల్ అనే ఒక్క మాట చేరిస్తే మధ్యలో ఎవరు తప్పినా మొత్తం తప్పినట్లే లెక్క.

మరి రహస్యపదం? దానికి హుండీ పద్ధతి వుంది. వేయడానికి ఎవరికీ తాళంచెవి అక్కర్లేదు. తీయడానికి మాత్రం కావాలి. వేసే తాళం కంప్యూటరులో, తీసే చెవి వేరేచోట. ఆ చెవి ఎక్కడ పెట్టావంటే "గీ కంప్యూటర్లనే" అన్నాడు మేనల్లుడు! పెట్టెకు తాళం వేసి చెవి పెట్టెలోనే పడేయడం మా వంశంలో వుందేమో. ఇప్పుడు దాన్ని కాగితం మీద అచ్చువేసి యింటావిడ బీరువాలో పట్టుచీరల కింద దాచాం. దాని రహస్యపదం మరొక యింట్లో వుంది. తాళ్లపాకవారి రాగిరేకులు శతాబ్దాలు చీకటి అరలో పడివున్నా, వెలుగు చూసిననాడు తెలుగు వచ్చినవాడు చదువుకోగలిగాడు. మా టేపుకు ఆ అదృష్టం లేదు. చెవి పోతే మేమే చదవలేం.

మనుమరాలికి నిజం చెప్పడానికి వాళ్లింటికి వెళ్లాను. ఆ పిల్ల ఏమీ అనలేదు. వంటింట్లోంచి వాళ్లమ్మ వచ్చింది. రికార్డులో ముసలమ్మ తిట్టిపోసిన కోడలు ఈమే.

"గా పాట నాకొస్తది సారూ. ఇసుర్రాయికి అటు ఆమె, ఇటు నేను. ఎన్నేండ్లు ఇసిరినమో!"

కొంగుతో చేతులు తుడుచుకుని కూర్చుంది. మధ్యమధ్య మరిచిపోయింది. ఒకచోట ఆగితే, "ఈడ నాయనమ్మ దగ్గేది" అంది పిల్ల. ఆ రాత్రే దాన్ని టేపుకెక్కించి, యింటావిడను లేపి కాగితం తీయించి, ఇంకో కంప్యూటరులోకి దింపి విన్నాం. పద్ధెనిమిది నిమిషాలు వుంది.