కరిచిన కుక్క, కాటు తిన్న కుక్క

"పది రోజులైపోయింది కదా మాస్టారూ, ఇంకేటి భయం?"

మా పై అంతస్తాయన మెట్ల మీద ఎదురై అన్న మాట ఇది. నెలన్నర క్రితం కూర్మన్నపాలెం దగ్గర ఆయన పెంపుడు కుక్కను ఒక వీధికుక్క కరిచింది. చెవి చిరిగింది. కరిచిన కుక్క నోట చొంగ కారుతోందనీ, ఎదురైన ప్రతిదాని మీదికీ పోతోందనీ టీకొట్టు అతను చెప్పాడు. మర్నాటి నుంచి అది ఎవరికీ కనబడలేదు. ఈయన తన కుక్క చెవికి పసుపు రాసి, పది రోజులు బాల్కనీలో కట్టేసి, పదకొండో రోజు ఉదయం గొలుసు విప్పేశాడు. ఇప్పుడది మెట్ల మీద ఆడుకునే పిల్లల మూతులు నాకుతూ తిరుగుతోంది. కుక్క మంచిదే, నాకూ స్నేహితుడే. నా తగవంతా ఆ పది అనే అంకెతో.

ఈ అంకె అబద్ధం కాదు. కాకపోతే అది వేరే కుక్కకు చెందిన అంకె. కుక్క మనిషిని కరిచినప్పుడు దాన్ని పది రోజులు కనిపెట్టి చూడమంటారు. రేబీస్ క్రిమి కుక్క మెదడుకు చేరిన తరువాతనే లాలాజలంలోకి దిగుతుంది. అలా దిగిన కొద్ది రోజులకే లక్షణాలు బయటపడతాయి, మరికొద్ది రోజులకు కుక్క చస్తుంది. కనుక కరిచిన పది రోజులకు కూడా కుక్క ఆరోగ్యంగా తిరుగుతూంటే, కరిచిన నాడు దాని నోట రేబీస్ లేదని తేలినట్టు. ఈ లెక్క కరిచిన కుక్కది. కాటు తిన్న కుక్క సంగతి పూర్తిగా వేరు. దాని చెవిలో పడిన క్రిమి నరాల వెంట నెమ్మదిగా పాకుతూ మెదడుకు చేరాలి. అందుకు రెండు వారాలు పట్టవచ్చు, రెండు నెలలు పట్టవచ్చు, నాలుగు నెలలూ పట్టవచ్చు. పదకొండో రోజున ఆ కుక్క నిక్షేపంగా ఉండడంలో ఆశ్చర్యమేమీ లేదు. అప్పటికి క్రిమి ఇంకా దారిలోనే ఉండవచ్చు.

పది రోజుల మాట మన జనం నోట ఇంతగా ఎందుకు నాటుకుందో నాకొక ఊహ ఉంది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు గుర్తున్నాయా? గొర్రె మెదడు నుంచి తీసిన పాతకాలపు మందు అది. ఈ శతాబ్దపు మొదటి దశకంలో దాని తయారీ ఆపేశారు. ఆ సూదుల భయానికి మన పెద్దలు పది రోజులూ కుక్క వైపే చూస్తూ కూర్చునేవారు. కుక్క బతికితే గండం గడిచినట్టే. మందు మారింది, చూస్తూ కూర్చునే అలవాటు మాత్రం పోలేదు. (మనిషికి కాటు పడితే కుక్కను చూస్తూ కూర్చోకూడదు. సబ్బుతో, ధారగా పడే నీటితో పావుగంట కడిగి, ఆ రోజే టీకా మొదలుపెట్టాలి. గాయం లోతైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇస్తారు. కుక్క బాగుంటే తక్కిన సూదులను ఏం చేయాలో వైద్యుడు చూసుకుంటాడు.)

మరి కాటు తిన్న పెంపుడు కుక్కను ఏం చేయాలి? అమెరికాలో పశువైద్యులు పాటించే పద్ధతి ఇది: సక్రమంగా టీకాలు పడిన కుక్కకు వెంటనే మరొక మోతాదు ఇచ్చి, 45 రోజులు యజమాని కనిపెట్టి ఉండాలి. టీకాలే లేని కుక్కకు నాలుగు నెలల కట్టుదిట్టమైన నిర్బంధం. 2016కు ముందు అది ఆరు నెలలు ఉండేది. ఇంగ్లండు వారు బయటి నుంచి వచ్చే కుక్కలను 1897 నుంచి నిర్బంధించసాగారు. 1902 నాటికి అక్కడ రేబీస్ అంతరించింది. మొదటి ప్రపంచయుద్ధం చివర తిరిగివచ్చిన సైనికులు దొంగచాటుగా తెచ్చిన కుక్కలతో జబ్బు మళ్ళీ పుట్టి, 1922లో గాని పోలేదు. జబ్బు కనబడని కుక్కలను కూడా ఆరేసి నెలలు బోనులో ఉంచారు. ఎందుకంటే క్వారంటైన్ అన్నదే ఆరోగ్యంగా కనబడే ప్రాణి కోసం. రోగిని వేరుగా ఉంచడం మరొక పని. ఈ రెంటికీ ఉన్న తేడా ఓడరేవు ఊళ్ళో పుట్టి పెరిగిన మనకు ఒకరు చెప్పాలా? పచ్చజ్వరం ఉన్న దేశం నుంచి టీకా పత్రం లేకుండా దిగిన మనిషి ఎంత దృఢంగా ఉన్నా ఆరు రోజులు ఆపగల నిబంధన ఉంది. 2020లో జ్వరం లేని మనల్నే పద్నాలుగేసి రోజులు గదుల్లో కూర్చోబెట్టారు. పత్రికలు దానికి 'స్వీయ నిర్బంధం' అని పేరు పెట్టాయి. కుక్క తనను తాను నిర్బంధించుకోలేదు గనుక ఆ భారం యజమానిదీ, నగరానిదీ.

మన చట్టాలు మాత్రం రోగిని తప్ప ఎవరినీ ఎరగవు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు, వాటికి ముందున్న 2001 నియమాలు, రేబీస్ ఉన్నట్టు గట్టి అనుమానమున్న వీధికుక్కను విడిగా ఉంచమంటాయి. పెంపుడు కుక్కకు టీకాలు వేయించే బాధ్యత యజమానిదంటాయి. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టంలో రేబీస్ పేరుంది. జబ్బు సోకిందని అనుమానమున్న జంతువును యజమాని వేరు చేయాలనీ, గ్రామాధికారికో పంచాయతీకో తెలపాలనీ అందులో ఉంది. పశువుల కొట్టాన్ని తలచుకుని రాసిన చట్టమది. అపార్టుమెంటులో నాలుగో అంతస్తు దాని ఊహకు అందలేదు. అంతకన్నా పెద్ద లోపం, మా పై అంతస్తు కుక్కకు జబ్బు ఉందని ఎవరూ అనుమానించడం లేదు. అది కాటు తిన్నది, అంతే. కాటు తిని ఆరోగ్యంగా ఉన్న పెంపుడు కుక్క గురించి వీటిలో దేనిలోనూ స్పష్టమైన గడువు లేదు.

ఇదంతా పుస్తకాల గోల అనుకుంటారేమో. నేనొక కార్యాలయానికి ఫోను చేశాను. పేరెందుకు లెండి. "ఆ కుక్క ఎవరినైనా కరిచిందా?" అని అడిగారు. లేదన్నాను. "అయితే మాకెందుకు చేశారు?" అన్నారు. అడిగినావిడ తప్పేమీ లేదు. ఆవిడ ముందున్న కాగితంలో కరిచిన కుక్కకే గడి ఉంది.

కరిచేదాకా ఆగితే ఏమవుతుందో మన జిల్లాలో చూశాం. 2024 జూన్‌లో భీమునిపట్నంలో ఒక తండ్రీ కొడుకూ తమ ఇంటి కుక్క కాటుకే బలయ్యారని పత్రికల్లో వచ్చింది. కుక్క చచ్చిన తరువాత గాని వారికి అనుమానం రాలేదట. అప్పుడు టీకాకు వెళ్ళారట. ఇంటి కుక్కను ఎవరు మాత్రం అనుమానిస్తారు? "మా వాడు అలాంటివాడు కాదు" అంటాం. రేబీస్ కుక్క గుణం చూసి రాదు. అన్నిసార్లూ పిచ్చెత్తి పరుగెత్తదు కూడా. మూగ రేబీస్ వచ్చిన కుక్క దవడ వాలిపోయి, మింగలేక, మూల నక్కి పడుకుంటుంది. గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని ప్రేమగా నోట్లో చెయ్యి పెట్టేది మనమే.

నాలుగు నెలలు ఒక కుక్కను రెండు గదుల ఇంట్లో ఉంచడం సులభమని నేననను. గేటు లేని ఇళ్ళున్న పేటల్లో అది అసాధ్యం. అందుకే అడుగుతున్నాను: లక్షల మందికి నీళ్ళూ దీపాలూ ఇచ్చే నగరపాలక సంస్థకు ఓ పాతిక బోనుల ఆవరణ బరువా? కాటు తిన్న పెంపుడు జంతువుకు ఆ రోజే ఉచితంగా టీకా, తేదీ వేసిన ఒక కాగితం, నడుమ ఒకసారి పశువైద్యుడి రాక, ఇంట్లో ఉంచలేని వారికి ఆ బోను. చెప్పుకోవడానికి వచ్చినవాడికి జరిమానా మాత్రం వద్దు. జరిమానా భయం పుడితే కుక్క రాత్రికి రాత్రి ఆటో ఎక్కి ఊరవతల దిగుతుంది, జబ్బు కూడా దానితోనే దిగుతుంది. కొట్టి చంపేస్తే పీడ పోతుందనే వీరులకూ ఒక మాట. పాతిపెట్టిన కుక్క మెదడు పరీక్షకు పనికిరాదు, దానికి రేబీస్ ఉందో లేదో ఎప్పటికీ తెలియదు. గోవాలో విస్తారంగా టీకాలు వేశారు, ఫోను రాగానే అనుమానపు కుక్కను పట్టుకుని పరీక్షించే ఏర్పాటు చేశారు. 2018 నుంచి కొన్నేళ్ళ పాటు అక్కడ మనిషి మరణమే లేకపోయింది. మన దేశంలో ఏటా ఎందరు పోతున్నారన్న ప్రశ్నకు పాత అంచనా 18,000 నుంచి 20,000, ఇటీవలి వైద్య పరిశోధన మండలి వారి అంచనా 5,700 పైచిలుకు. ఆ రెండు అంకెల మధ్య దూరం చూడండి. 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబీస్‌ను నిర్మూలిస్తామని 2021లో కేంద్రం ప్రణాళిక ప్రకటించింది.

పై అంతస్తాయనతో మళ్ళీ మాట్లాడాను. టీకా కార్డు ఎక్కడో ఉండాలన్నాడు, దొరకలేదు. మొత్తానికి నిన్న కుక్కను ఆసుపత్రికి తీసుకెళ్ళి సూది వేయించాడు. కట్టేయడానికి మాత్రం మనసొప్పడం లేదన్నాడు. ఈ రోజుకు నలభై ఆరో రోజు. మా వంటింటి క్యాలెండరులో నాలుగు నెలలు నిండే తేదీ చుట్టూ ఎర్ర సిరాతో గీత గీశాను. పిల్లల తల్లిదండ్రులకు ఆ తేదీ చెప్పాను. ఇద్దరు నవ్వారు, ఒకావిడ తన పాపను మెట్ల మీది నుంచి లోపలికి పిలిచింది.