కరెంటు పెట్టే చదువు



ఇంటర్ ఫలితాలు వచ్చిన తరువాత ఒక తండ్రి మా యొద్దకు వచ్చారు. కుమార్తెకు రేడియోథెరపీ టెక్నాలజీ డిగ్రీలో సీటు వచ్చిందట. అయినా ఆయన ముఖంలో సంతోషం లేదు. “కేన్సర్ రోగులకు కరెంటు పెట్టే పనండీ. రోజూ ఆ కిరణాల దగ్గర ఉంటే రేపు పిల్ల పెళ్ళి మాటేమిటి? పిల్లల మాటేమిటి?” అన్నారు. ఈ భయం ఆయన ఒక్కరిదే కాదు గనుక ఈ నెల దీనిని గూర్చి నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మనవారు కరెంటు అంటారు గాని అది షాకు కాదు. 1895లో రాంట్‌జెన్ కనుగొన్న ఎక్స్‌రే వంటిదే, అంతకన్నా ఎంతో శక్తిగలది. అది కణంలోని డి.ఎన్.ఏ.ను దెబ్బతీస్తుంది. మంచి కణాలు ఆ దెబ్బనుండి చాలావరకు కోలుకుంటాయి, కేన్సర్ కణాలు అంతగా కోలుకోలేవు. అందుకే రోజుకు కొంచెం చొప్పున ఇస్తారు. గొంతు కేన్సర్‌కైతే తరచుగా వారానికి 5 రోజుల చొప్పున 6, 7 వారాలు పడుతుంది.

ఎంత ఇవ్వాలో నిర్ణయించేది డాక్టరు. లెక్క కట్టేది మెడికల్ ఫిజిసిస్టు. అయితే ప్రతిదినం రోగిని బల్లమీద పడుకోబెట్టి, నిన్న పడినచోటనే నేడూ కిరణం పడేలా మిల్లీమీటర్లలో సరిచూసేది ఈ డిగ్రీ చదివినవారే. తల కదలకుండా ముఖానికి ప్లాస్టిక్ ముసుగు బిగిస్తే పెద్దవారు సైతం బెదురుతారు. “కెమెరాలో చూస్తూనే ఉంటానండీ, చెయ్యెత్తితే ఆపేస్తాను” అనే మాట కూడా వైద్యంలో భాగమే. నోరు పూసి, మధ్యలో మానేద్దామనుకొనే రోగిని ముందుగా కనిపెట్టి డాక్టరుకు చెప్పగలిగేదీ వారే. మధ్యలో ఆపితే వైద్యం ఫలితం తగ్గిపోతుంది.

ఇక భయం సంగతి. చికిత్స గది గోడలు మందమైన కాంక్రీటువి. కిరణం వచ్చే సమయాన లోపల రోగి తప్ప ఎవరూ ఉండరు. లీనియర్ యాక్సిలరేటర్‌ను ఆపితే కిరణం ఆగిపోతుంది. సిబ్బంది ఛాతీమీద ధరించే బ్యాడ్జి వారికి సోకిన మోతాదును నమోదు చేస్తుంది. గర్భవతి అయినవారు వెంటనే తెలియజేస్తే శిశువు విషయమై మరింత కఠినమైన పరిమితి పాటిస్తారు. బయటి యంత్రంతో వైద్యం పొందిన రోగి ఇంటికి వెళ్ళి బిడ్డను ఎత్తుకోవచ్చు, అతనిలో కిరణాలు మిగలవు.

ఇంటర్‌లో ఫిజిక్స్ చదివినవారు దీనిలో చేరవచ్చు. శిక్షణతో కలిపి సుమారు 4 ఏళ్ళు పడుతుంది. 1900లో ఐడా స్కడ్డర్ చిన్న వైద్యశాలగా ప్రారంభించిన సేవనుండి ఎదిగిన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలోనూ ఈ డిగ్రీ ఉంది. అయితే ఇది తేలికైన బ్రతుకు అని మేము చెప్పము. నెలన్నర రోజులు పేరుపెట్టి పిలిచిన రోగి తరువాత లేడని వినవలసిన దినాలుంటాయి.

ఆ తండ్రితో చేర్పించండి అనిగాని, మానండి అనిగాని మేము అనలేదు. పిల్లను తీసుకొని ఒకసారి కేన్సర్ ఆసుపత్రికి వెళ్ళి రండి అన్నాము. వారం తరువాత వచ్చారు. “ఒక ముసలమ్మ ఆ ఉద్యోగం చేసే అమ్మాయి చెయ్యి పట్టుకొని గదిలోనుండి బయటికి వచ్చిందండీ. మా పిల్ల అటే చూస్తూ నిలబడిపోయింది. ఫీజు కట్టేశాను” అన్నారు.

తల్లిదండ్రులారా, డాక్టరు సీటు రాలేదు గనుక ఇదైనా చదువు అని చిన్నబుచ్చి మీ బిడ్డను పంపకండి. ఆ ముసలమ్మ పట్టుకొన్న చెయ్యి చిన్నది కాదు.