పగిలే ముక్కకు జెడ్‌టీ ఎంతుంటే ఏం?

పరకాల నుంచి భూపాలపల్లి వెళ్లే దారిలో, చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. 500, 600 మెగావాట్ల యూనిట్లు రెండు. అక్కడ కాలే బొగ్గు వేడిలో సగానికి పైగా కరెంటుగా మారకుండానే పోతుంది. అలాంటి వేడిలో కొంతైనా విద్యుత్తుగా మార్చగలవని థర్మోఎలక్ట్రిక్ పదార్థాల మీద ఆశ పెట్టుకున్నాం. ఆశ సరైనదే. ఆ పదార్థాల విలువను, వేడిని ఎంత బాగా కరెంటుగా మారుస్తాయో చెప్పే జెడ్‌టీ అనే ఒక్క అంకెతో తేల్చేసి, బలం సంగతి తర్వాత చూద్దామనడమే తప్పు.

2014లో టిన్ సెలెనైడ్ ఏకస్ఫటికానికి 2.6 జెడ్‌టీ వచ్చిందనగానే పరిశోధక లోకం అబ్బురపడింది. ఆ స్ఫటికం గూడూరు అభ్రకంలా పొరలుగా విడిపోతుందన్న సంగతికి అంత ప్రచారం రాలేదు. మార్కెట్లో దొరికే బిస్మత్ టెల్యూరైడ్‌దీ అదే బలహీనత.

ఈ పదార్థాలతో చేసే మామూలు మాడ్యూల్‌లో 127 జంటలు, అంటే 254 ముక్కలు ఒకే వరుసలో కలిపి ఉంటాయి. ఒకటి పూర్తిగా విరిగితే కరెంటు ఆగినట్టే. వెయ్యి ముక్కల్లో ఒక్కటే విరుగుతుందనుకున్నా, లెక్కవేస్తే ప్రతి వంద మాడ్యూళ్లలో దాదాపు 22 మూలపడతాయి. పైగా యూనిట్ ఆగి మళ్లీ మొదలైన ప్రతిసారీ ముక్క ఒకలా, దానికి అతికిన పింగాణీ పలక ఇంకోలా వ్యాకోచిస్తాయి. అతుకు దగ్గర పగులు పుట్టేది అప్పుడే.

"1977లో వెళ్లిన వాయేజర్ వ్యోమనౌకలు ఇంకా పనిచేస్తున్నాయి కదా" అంటారు. వాటిలోని థర్మోఎలక్ట్రిక్ పదార్థం సిలికాన్-జెర్మేనియం. ప్లుటోనియం ఇచ్చే వేడి ఏళ్ల తరబడి మెల్లగా తగ్గుతుందే తప్ప రోజూ ఆగి మొదలవదు. బాయిలర్ పక్కన బతుకు వేరు.

బలం పెంచితే జెడ్‌టీ పడిపోతుందన్నదీ అన్నిచోట్లా నిజం కాదు. పొడిని నొక్కి, వేడిచేసి సన్నని రేణువులతో చేసిన దిమ్మ, కరిగించి పెంచిన స్ఫటికం కన్నా గట్టిగా ఉంటుంది. ఆ రేణువుల సరిహద్దులే వేడి ప్రవాహాన్నీ అడ్డుకుంటాయి, అది జెడ్‌టీకి మేలే. ఈ పొడి లోహవిద్యకు హైదరాబాద్ బాలాపూర్‌లోనే ఏఆర్‌సీఐ అనే పరిశోధన కేంద్రం ఉంది.

పెళుసు పదార్థం ప్రతిసారీ ఒకే బరువు దగ్గర విరగదు. లోపలి పగులు ఎంత పెద్దదైతే అంత త్వరగా విరుగుతుంది. అందుకే ఒక్క కడ్డీని విరిచి అంకె రాస్తే చాలదు. పదుల కడ్డీలను, పనిచేసే వేడిలోనే, వేడిచేసి చల్లార్చే ఆవృత్తులకు ముందూ తర్వాతా విరిచి చూడాలి. వరంగల్ నిట్‌లోనైనా మరెక్కడైనా ఈ రంగంలో పనిచేసే విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే: జెడ్‌టీ పట్టిక పక్కనే ఎన్ని కడ్డీలు విరిచారో, ఏ బరువుకు విరిగాయో కూడా అచ్చువేయండి.