గడ్డినూనెయు గులాబినూనెయు

చార్మినారు వీథులలో అత్తరు కొనువారు చుక్కను మనికట్టుపై రాచి, వాసన చూచి, వెలకు ఒప్పుకొందురు. ముక్కు మంచి పరీక్షకుడే. కాని గులాబి విషయమున సులభముగా మోసపోవును.

నిమ్మగడ్డికి దాయాదియగు రూసాగడ్డి మన దేశపు మెట్టనేలలలో పెరుగును. పూతవేళ కోసి, ఆవిరిచే బట్టీలో దించిన దాని తైలమునందు నూటికి 70 పాళ్లకు పైగా జెరానియోల్ అను పదార్థముండును. దాని అణువులో కర్బన పరమాణువులు 10, ఉదజనివి 18, ఆమ్లజనిది 1. గులాబినూనెలోను ఇదియే యొక ముఖ్యాంశము. గడ్డిలో పుట్టినను పువ్వులో పుట్టినను అణువునకు కులభేదము లేదు! అందుచేతనే 19వ శతాబ్దమున బొంబాయి మీదుగా ఎగుమతియైన ఈ నూనెను తురుష్కదేశమున గులాబినూనెలో కలుపుచుండిరి. కిలో గులాబినూనెకు వేలకొలది కిలోల పూరేకులు కావలెను; ఆశ యెట్లు పుట్టదు? అయినను గులాబి పరిమళమునకు ప్రాణమైన డమాసినోన్, నూటికి ఒక పాలైనను లేనిది, గడ్డినూనె తేజాలదు.

గడ్డినూనె నీచమని నేననను. సబ్బులకది మేలైన సరకు. తన పేరుతో అమ్ముడుపోయినచో రైతునకు గౌరవము. పేరు మార్చుటయే దోషము. కావున ప్రతి బుడ్డిపై ఏ మొక్క తైలమో, అందేయే పదార్థములు ఎన్ని పాళ్లున్నవో వ్రాయవలెనని నా యభిప్రాయము. ఒక్క చుక్కను యంత్రమున విడదీసి పాళ్లు చెప్పుట నేడు కష్టము కాదు. మన నగరపు అంచున బోడుప్పల్‌లోనే సుగంధ మొక్కల పరిశోధన కేంద్రమున్నది. అడుగువారు లేకున్న వ్రాయువారుండరు. పండుగకు అత్తరు కొనబోవు తలిదండ్రులారా, ఈ యేడు వెలకన్న ముందు మొక్క పేరడుగుడు.