ఆ ఎనిమిది కాగితం పూల కుండీలనూ పారేయకండి



పోయిన ఆదివారం కమిటీ మీటింగులో వచ్చిన ఒక ప్రతిపాదన గురించి ఇది రాస్తున్నాను. మన హాలు మెట్లకు రెండు వైపులా ఉన్న ఎనిమిది కాగితం పూల కుండీలు పూయడం లేదు కాబట్టి, వాటిని తీసేసి ప్లాస్టిక్ పూల దండలు కట్టిద్దామని కొందరన్నారు. రెండేళ్ళుగా ఆ కుండీల్లో ఆకు తప్ప రంగు లేని మాట నిజమే. వాచ్‌మన్ భార్య సరిగ్గా నీళ్ళు పోయదు కాబట్టే ఇలా అయిందని కూడా ఒకరిద్దరు అన్నారు. ఆ రెండో మాట నాకు నచ్చలేదు. అందుకే ఈ పొడుగు పోస్టు. ఓపిగ్గా చదవండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ చెట్లకు జబ్బేమీ లేదు. నీళ్ళు తక్కువై కాదు, ఎక్కువై పూయడం లేదు. పోస్తున్నది ఆవిడ కాదు, మనం.

శనివారం తెలుగు క్లాసుకు పిల్లల్ని దింపడానికి వచ్చినవాళ్ళు బాటిల్లో మిగిలిన నీళ్ళు కుండీలో వంచి వెళతారు. భజనకు వచ్చిన పెద్దవాళ్ళు తలా ఒక చెంబు పోస్తారు. వంటగదిలో బియ్యం కడిగిన నీళ్ళూ అక్కడికే చేరతాయి. అందరిదీ మంచి మనసే. కానీ పదిమందీ పోస్తే మట్టి వారమంతా తడిగానే ఉంటుంది. టైల్స్ మీద మరకలు పడకూడదని కింద పెట్టిన ప్లేట్లలో నీళ్ళు నిలిచి, వేళ్ళకు గాలి ఆడదు.

కాగితం పూల చెట్టు సొంత ఊరు బ్రెజిల్ వైపు. 1760ల్లో ఫ్రెంచి ఓడల్లో ప్రపంచయాత్రకు బయలుదేరిన కొమర్సన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దాన్ని రియోలో చూశాడు. ఆ యాత్ర నాయకుడు బోగన్‌విల్ పేరే చెట్టుకు వచ్చింది. నీళ్ళు దండిగా ఉన్నంతకాలం అది కొమ్మలూ ఆకులూ పెంచుకుంటూ పోతుంది. మట్టి బాగా ఆరితే పూతకు దిగుతుంది. హైవే డివైడర్ల మధ్య, ఎవరూ పట్టించుకోని చోట అది ఎలా పూస్తుందో మీరంతా చూసే ఉంటారు. అక్కడ రోజూ చెంబుతో పోసేవాళ్ళెవరు? అన్నట్టు మనం పువ్వు అనుకునే రంగు భాగం నిజానికి ఆకే. దాని మధ్య ఉండే సన్నని తెల్లటి గొట్టాలే అసలు పూలు.

రెండో సంగతి ఎండ. రోజుకు కనీసం ఐదారు గంటలు నేరుగా ఎండ తగలకపోతే ఇది పూయదు. మన పోర్టికో కింద పొద్దున ఒక గంట పడితే గొప్ప. అందం కోసం అక్కడ పెట్టాం, ఆ అందాన్ని అక్కడే పోగొట్టుకున్నాం. మూడోది ఎరువు. యూరియా వేస్తే ఆకు బలుస్తుంది తప్ప పువ్వు రాదు. నత్రజని తక్కువగా, పొటాష్ ఎక్కువగా ఉన్న ఎరువు కొద్దిగా వేస్తే చాలు. కుండీ చిన్నదైపోయిందని ఏటా మార్చాల్సిన పని కూడా లేదు. వేళ్ళు కాస్త ఇరుకుగా ఉంటేనే ఇది బాగా పూస్తుంది. పైగా ఆ వేళ్ళు పెళుసు, ఊరికే కదిపితే తెగుతాయి.

కాబట్టి నేను అడిగేది ఒక్క సీజన్ గడువు. కుండీలను మేడ మీదికి ఎక్కిద్దాం, కింది ప్లేట్లు తీసేద్దాం. ఉగాదికి ఎనిమిది వారాల ముందు పొడుగు కొమ్మలను మూడో వంతు కత్తిరిద్దాం. పూత వచ్చేది కొత్త చిగురు మీదే. చిగుళ్ళు వేలెడు పొడుగు సాగాక నీళ్ళు తగ్గించాలి. ఆకులు కాస్త వాలినప్పుడు మాత్రమే నిండుగా పోసి, మళ్ళీ ఆరనివ్వాలి. బెంగళూరులో ఫిబ్రవరిలో వాన అరుదు కాబట్టి ఈ పనికి అదే మంచి నెల. మొగ్గ రంగు తిరిగాక మాత్రం ఎండబెట్టకూడదు, రాలిపోతుంది. రంగు పూర్తిగా వచ్చాక పండగ మూడు రోజులకూ కిందికి దింపుకుందాం.

మేడ మీద పెడితే ఎవరు చూస్తారని అడగొచ్చు. ఏడాదంతా మెట్ల పక్కన పచ్చగా నిలబడితే మాత్రం ఎవరు చూశారు? ముళ్ళున్నాయి, పిల్లలకు గుచ్చుకుంటాయని కొందరు తల్లులు అన్నది సరైన మాటే. మేడ మీదికి మార్చడానికి అదీ ఒక కారణమే. ఇక ప్లాస్టిక్ పూలు ఎండకు వెలిసిపోతాయి, దుమ్ము పడతాయి, మళ్ళీ కొనాలి.

చివరిగా అసలు మాట. ఆవిడ పావగడ వైపు మనిషి. నేను అడిగితే, "నీళ్ళు జాస్తి అయితే దీనికి పూలు రావు సార్, మా ఊళ్ళో కంచెకు వేస్తాం, ఎవురూ నీళ్ళు పొయ్యరు" అంది. మనందరికంటే ఆవిడకే బాగా తెలుసు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, సభ్యులు పోస్తుంటే వద్దని ఎలా అనేదని అడిగింది. అందుకని ఆ ఎనిమిది కుండీల బాధ్యత ఆవిడ ఒక్కరికే ఇద్దాం. అది అదనపు పని కాబట్టి జీతానికి అదనంగా నెలనెలా కొంత ఇద్దాం. ప్లాస్టిక్ దండలకు అనుకున్న డబ్బు అందుకు వాడొచ్చు. మీటింగులో ఆవిడ మీద పడ్డ మాటను కూడా వెనక్కి తీసుకుందాం.

వచ్చే మీటింగులోగా మీ అభిప్రాయం కింద రాయండి. ఒప్పుకోనివాళ్ళు కూడా రాయండి. అంతవరకు దయచేసి ఎవరూ నీళ్ళు పోయకండి.