తాపీకి ఆ నీలం ఎక్కడిది?

సూరత్‌లో కూర్చుని తాపీ నదిని వాటర్‌కలర్‌లో దించే పెద్దమనుషులారా, ఆ నీలం ఎక్కణ్నుంచి తెస్తున్నారు? వానాకాలంలో నది నిండా ఎర్రమట్టి నీళ్లు. వేసవిలో సింగన్‌పోర్ కాజ్‌వే ఎగువన గుర్రపుడెక్క, దిగువన పోటు తగ్గితే బయటపడే బూడిదరంగు మేట. మీ కాగితం మీద మాత్రం కశ్మీర్ సరస్సు! అదేమంటే, కళాకారుడి స్వేచ్ఛ అంటారు.

స్వేచ్ఛ వద్దనడానికి నేనెవర్ని? కరెంటు స్తంభం అడ్డొస్తే పీకేయండి. పడవను ఇవతలికి లాగండి. 1740ల్లో చిత్రకారుడు కానలెట్టో తన బొమ్మలో వెనిస్‌లోని రియాల్టో వంతెననే తీసేసి, వాస్తుశిల్పి పలాడియో గీసినా ఎవరూ కట్టని వంతెనను అక్కడ పెట్టాడు. ఊరు అలాగూ ఉండొచ్చునన్న ఊహ అది. మీరేం ఊహించారు? 16వ శతాబ్దపు కోట బురుజును ముద్దుగా నిలబెట్టి, నది పొడవునా ఉన్న కరకట్టను మాయం చేశారు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లకు మునిగిన ఊరండీ ఇది!

వాటర్‌కలర్‌లో తెలుపు పూయరు, కాగితాన్ని వదిలేస్తారు. ఏది వదలాలో కుంచె తడవకముందే తేల్చుకోవాలి. కాబట్టి మీరు వదిలేసిందేదీ చెయ్యి జారి పోయింది కాదు. పోనీ, బురద వేయడం కష్టమా? యెల్లో ఓకర్, బర్న్‌ట్ అంబర్, చిటికెడు అల్ట్రామెరీన్. తడి కాగితం మీద వదిలితే ఒకదాన్నొకటి తోసుకుంటూ వరద నీరు దానంతటదే దిగుతుంది. ఆ మురికిలో ఉన్నన్ని ఛాయలు మీ నీలంలో లేవు. కానీ చీరకు మ్యాచింగ్ జాకెట్టు వెతికినట్టు కొనేవాడి సోఫాకు నప్పే నది కావాలి మీకు. దాన్ని వ్యాపారమనండి, ఒప్పుకుంటాను.

అయినా నీటి ఒడ్డంటే తాపీ ఒక్కటేనా? ఈ ఊళ్లోనే లింబాయత్ పక్కన మీఠీ ఖాడీ అనే వాగు పారుతుంది. మగ్గాల పనికి తెలంగాణ నుంచి వలస వచ్చిన మన పద్మశాలీలు వేలల్లో ఉన్న పేట. పెద్ద వాన పడితే ఖాడీ నీళ్లు ఇళ్లలోకొస్తాయి. తీశాక, ఎంతవరకు వచ్చాయో చెబుతూ గోడ మీద మట్టిగీత మిగులుతుంది. ఆ ఒడ్డు మీ బొమ్మల్లో ఎందుకుండదు?

ఈ వానాకాలం ఈజెల్ అటు మోసుకెళ్లండి. స్తంభాలు తీసేయండి, ఇళ్లు జరపండి, ఆకాశం మీ ఇష్టం. ఆ మట్టిగీతను మాత్రం వదలకండి.